మెత్తబ్రేకు గారి ఇల్లుబండి

పెళ్లయిన ఈ ఇరవై ఏడేళ్లలో మొగుడూ పెళ్లాం కలిసి ఊరు దాటి ఎప్పుడైనా వెళ్లారా అంటే, వెళ్లారు. రెండు పెళ్లిళ్లకీ ఒక చావుకీ. మూడుసార్లూ పొద్దున వెళ్లి సాయంత్రానికల్లా ఇంటికొచ్చి పడ్డారు. ఊరికే సరదాగా తిరిగి రావడానికని బయల్దేరడం మాత్రం ఇదే మొదలు. అదైనా అందరిలా వెళ్లారా? ఇంటిని వెంటేసుకుని మరీ వెళ్లారు.

ఆ ఇల్లు వాళ్లది కాదు, వాళ్ల అమ్మాయి పనిచేసే ఆఫీసు మేనేజరుది. మోటార్‌హోమ్ అంటారట. వ్యాను కంటే పెద్దది, బస్సు కంటే చిన్నది. ముందు డ్రైవరు సీటూ, పక్కన ఇంకో సీటూ. వాటి వెనక మడిచి గోడకి ఆనించే బల్ల, రెండు బర్నర్ల పొయ్యి, గుప్పెడంత సింకు, మనిషి ఒకసారి లోపలికి వెళ్తే తిరగడానికి కూడా చోటులేని బాత్‌రూము. అన్నిటికంటే వెనక, పక్కకి జరిపే తలుపు వేసుకుంటే, ఇద్దరు పట్టే మంచం. మేనేజరు వాడకుండా షెడ్డులో పెట్టి ఉంచాడని తెలిసి, అమ్మాయి వెళ్లి అడిగి నాలుగు రోజులకి తెచ్చింది. "మీరిద్దరూ కలిసి ఎటైనా వెళ్లకపోతే నేను మీ ఇంటికి రాను" అని బెదిరించింది కూడా. పెళ్లయి ఏడాదైంది కదా, బెదిరింపులు బాగా వచ్చేశాయి.

ఈ కథ ముఖ్యంగా ఆ అమ్మాయి తల్లిది. ఆవిడ బ్రెడ్డు ఫ్యాక్టరీలో పిండి కలిపే చోట పని చేస్తుంది. పిండి పొంగిందో లేదో తెలుసుకోవడానికి అక్కడ అందరూ గడియారం వంక చూస్తారు. ఆవిడ వేలితో ఒక్కసారి నొక్కి చూసి, "ఇంకో పది నిమిషాలు" అంటుంది. పదకొండో నిమిషం ఎప్పుడూ అవసరం పడలేదు. అందుకని, పిండిని పొంగించే ఈస్టు పేరు మీద, ఫ్యాక్టరీలో ఆవిడ పేరు ఈస్టక్క. తన కంటే పదేళ్లు పెద్దవాడైన సూపర్‌వైజరు కూడా ఈస్టక్కా అనే పిలుస్తాడు.

ఇక ఆయన సిటీ బస్సు డ్రైవరు. డిపోలో ఆయన్ని మెత్తబ్రేకు అంటారు. ఆయన బస్సు ఆపితే నిలబడ్డవాడి చేతిలో టీ కూడా తొణకదని చెప్పుకుంటారు. ఆ మెత్తదనానికి జనం హాయిగా కునుకు తీసి, దిగాల్సిన స్టాపు దాటిపోయాక ఉలిక్కిపడి లేచి, తిరిగి ఆయన్నే తిట్టేవాళ్లు. ఆయన ఒక్క మాట అనేవాడు కాదు. అసలు ఆయన ఎవరినీ పెద్దగా మాట అనడు. మాటలు కూడా బ్రేకు లాగే, అవసరమైనంత మేరకే వాడతాడు.

ఇద్దరూ పనిచేసేవాళ్లే కాబట్టి పిల్లని ఎవరు చూస్తారన్న పేచీ మొదట్లోనే వచ్చింది. పక్క వాటాలో ఉండే పెద్దావిడ కొన్నేళ్లు చూసింది. అమ్మాయి రెండో తరగతిలో ఉండగా ఆవిడ వాటా ఖాళీ చేసి వెళ్లిపోయింది. అప్పుడు ఈయన, "నువ్వు రాత్రి డ్యూటీ తీసుకో, నేను మధ్యాహ్నం డ్యూటీ తీసుకుంటా. ఎప్పుడూ ఒకళ్లం ఇంట్లో ఉంటాం. ఒక్క ఏడాది" అన్నాడు. ఆవిడ సరేనంది. ఆ ఒక్క ఏడాదీ సాగి సాగి పద్దెనిమిదేళ్లయింది.

ఎలా ఉండేదంటే, ఆవిడ పొద్దున ఏడింటికి ఒళ్లంతా పిండి వాసనతో ఇంటికొచ్చేది. ఎనిమిదింటికి పిల్ల బడికి వెళ్లాలి. ఆ గంటే వాళ్ల సంసారం. ఆ గంటలోనే జడలు, టిఫిన్ డబ్బా, కనిపించకుండా పోయిన మేజోడు, సంతకం పెట్టాల్సిన పుస్తకం. ఆ తర్వాత ఆవిడ తలుపేసుకుని పడుకునేది. ఆయన పదకొండున్నరకి డిపోకి వెళ్లేవాడు. రాత్రి ఎనిమిదిన్నరకి ఆయన మెట్లెక్కుతుంటే ఆవిడ మెట్లు దిగుతుండేది. "తిన్నావా?" "తిన్నా. మీరు తినండి." అంతే. ఆయనకి సెలవు బుధవారం, ఆవిడకి ఆదివారం. చెప్పుకోవాల్సినవి ఏమైనా ఉంటే ఉప్పు డబ్బా కింద చీటీ పెట్టేవాళ్లు. గ్యాసు అయిపోయింది. అమ్మాయికి దగ్గు. నీళ్లు రేపు రావు. ఉప్పు డబ్బాలు నాలుగు మారాయి గానీ చీటీలు మారలేదు.

అందరూ వాళ్లని చూసి ముచ్చటపడేవాళ్లు, ఒక్కరోజైనా గొడవపడగా చూడలేదని. గొడవ పడాలంటే ఇద్దరూ ఒకేసారి మెలకువగా ఉండాలి కదా!

అమ్మాయికి పెళ్లయింది, అత్తారింటికి వెళ్లిపోయింది. ఇంట్లో కాపలా కాయాల్సిన మనిషే లేదు. అయినా ఆవిడ రాత్రికే వెళ్తోంది, ఆయన మధ్యాహ్నానికే వెళ్తున్నాడు. డిపోలో ఏడాదికోసారి సీనియర్లని ఏ షిఫ్టు కావాలని అడుగుతారు. ఈ ఏడాది కూడా ఆయన మధ్యాహ్నమే అన్నాడని ఆవిడకి ఎవరి ద్వారానో తెలిసింది. ఆ రోజు ఈస్టక్క మనసులో ఒక ముల్లు దిగింది. పగలంతా పక్క గదిలో పెళ్లాం నిద్రపోతూ ఉండటం, ఇల్లు నిశ్శబ్దంగా ఉండటం ఆయనకి అలవాటైపోయిందేమో, అదే బాగుందేమో అనిపించింది. అడగడానికి నోరు రాలేదు. చీటీ మీద రాసే సంగతీ కాదు.

ఫ్యాక్టరీ గేటు పక్కన చిన్న కిటికీ ఒకటుంది. తెల్లవారాక అక్కడ వేడి బ్రెడ్డు అమ్ముతారు. ఊళ్లు తిరిగే కాలంలో ఇలాంటి ఇల్లుబళ్లు అప్పుడప్పుడూ అక్కడ ఆగేవి. పరుపు మీంచి లేచొచ్చిన అవతారాలతోనే మొగుడూ పెళ్లాం దిగి, బ్రెడ్డు కొనుక్కుని, బండి మెట్టు మీద కూర్చుని, ఒకరి మాటకి ఒకరు అడ్డం వస్తూ తినేవాళ్లు. డ్యూటీ దిగి బయటికొస్తూ ఈస్టక్క వాళ్లని చూసేది. నిలబడి చూడటం బాగుండదని చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగేది. ఎన్ని ఇల్లుబళ్లకి ఎన్నిసార్లు చెప్పు సరిచేసుకుందో ఆవిడకే తెలియదు. ఆవిడకి కావలసింది కొండలూ కాదు, సముద్రాలూ కాదు. ఆయన పక్కన కూర్చుని, టైము చూసుకోకుండా, ఏదో ఒకటి వాగాలి.

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు ఫ్యాక్టరీ బోర్డు మీద నోటీసు పెట్టారు. పగటి డ్యూటీలో ఒక ఖాళీ ఉంది. కావలసినవాళ్లు సోమవారంలోగా చెప్పాలి. సూపర్‌వైజరు పిలిచి, "ఈస్టక్కా, ముందు నిన్నే అడుగుతున్నా. నువ్వు వద్దంటేనే ఇంకొకరు" అన్నాడు. ఆవిడ ఆలోచించి చెప్తానంది. ఆలోచించడానికేముంది! ఆవిడ ఒక్కతే పగటికి మారితే లాభం లేదు. ఆయన కూడా పొద్దుటి షిఫ్టు అడగాలి. అడుగుతాడా? అడగాలని ఉందా ఆయనకి? ఈ నాలుగు రోజుల్లో అది తేలిపోవాలి. నోటీసు సంగతి చెప్పి ఒప్పించడం ఆవిడకి ఇష్టం లేదు. ఆయనంతట ఆయన, నువ్వు ఇంక రాత్రిళ్లు వెళ్లకు అనాలి. లేకపోతే ఆ ఖాళీ ఇంకొకరికి పోనీ అనుకుంది. ఆ విషయంలో ఆవిడ మహా మొండి మనిషి.

శుక్రవారం పొద్దున బయల్దేరారు. డిపోలో బస్సు తీసేముందు చేసినట్టే ఆయన బండి చుట్టూ తిరిగి, టైర్లు తట్టి, అద్దాలు తుడిచి, మెట్టు మడిచి, అలమరాల గొళ్లేలన్నీ నొక్కి చూసి, గ్యాసు కట్టేసి, అప్పుడు సీటెక్కాడు. ఆవిడ పక్క సీట్లో కూర్చుంది. ఆయన పక్కన అంతసేపు కూర్చోవడం ఎన్నాళ్లకో! కొత్త పెళ్లికూతురిలా చీర సర్దుకుంది. ఊరు దాటే లోపల అమ్మాయి కబుర్లు అయిపోయాయి. మొదటి వంతెన దగ్గరికి వచ్చేసరికి గ్యాసు కబుర్లూ నీళ్ల కబుర్లూ అయిపోయాయి. చీటీల్లో రాసుకునేవే తప్ప వేరే మాటలు వాళ్ల దగ్గర లేవు. ఆవిడ రోడ్డు వంక చూసింది. ఆయన ఎటూ రోడ్డు వంకే చూస్తున్నాడు.

"నిద్రొస్తే వెళ్లి పడుకో" అన్నాడాయన.

"రావట్లేదు."

అరగంట తర్వాత మళ్లీ అదే. "వెళ్లి పడుకోరాదూ? నేను మెల్లిగానే తోల్తాగా."

నిజానికి ఆవిడకి నిద్ర ముంచుకొస్తోంది. పద్దెనిమిదేళ్లుగా పగలు పడుకున్న ఒళ్లు, సెలవంటే వింటుందా? తొడ గిల్లుకుంది, వాటర్ బాటిల్‌తో మొహం తడుపుకుంది. చివరికి తల వాలిపోయి కిటికీ అద్దానికి ఠంగున కొట్టుకుంది. ఆయన వెంటనే బండి పక్కకి ఆపి, వెనక మంచం మీద దుప్పటి పరిచి, ఆవిడని పంపి, తలుపు జరిపేశాడు. ఆవిడ లేచేసరికి మధ్యాహ్నం రెండు. చెరువు గట్టున ఎక్కడో బండి ఆగి ఉంది. బల్ల మీద ఉప్పు డబ్బా కింద చీటీ. "టీ ఫ్లాస్కులో ఉంది." ఆయన కనిపించలేదు. కిటికీలోంచి చూస్తే యాభై అడుగుల దూరంలో ఒక రాయి మీద, అటు తిరిగి కూర్చున్నాడు. చప్పుడు చేస్తే ఆవిడ లేస్తుందని అంత దూరం వెళ్లాడట. ఆవిడకి ఒళ్లు మండింది. ఇల్లు విడిచి నూటయాభై కిలోమీటర్లు వచ్చి కూడా చీటీయేనా? ఆ చీటీని నలిపి సింకులో పడేసి, మళ్లీ పైపు అడ్డుపడుతుందని తనే తీసింది.

శనివారం ఎలాగైనా పొద్దున్నే లేచి మెట్టు మీద ఆయనతో టీ తాగాలనుకుంది. రాత్రి ఆయన పదింటికల్లా గుర్రు పెట్టాడు, ఆవిడకి కంటి మీద కునుకు లేదు. తీరా తెల్లవారే వేళకి కళ్లు మూతపడ్డాయి. లేచేసరికి మెట్టు మడిచేసి ఉంది, బండి కదులుతోంది. ఇంజను చప్పుడు మీద ఆయన గొంతు ఏదో గొణుగుతున్నట్టు వినిపించింది. ఫోను మాట్లాడుతున్నాడేమో అనుకుంది గానీ, స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన ఫోను ముట్టుకోడు. తలుపు జరిపి ముందుకొచ్చేసరికి నోరు మూసేశాడు. "లేచావా? ఇంకాసేపు పడుకోవాల్సింది" అన్నాడు. ఎవరితోనో హాయిగా మాట్లాడుకుంటున్న మనిషి దగ్గరికి పిలవని పేరంటానికి వచ్చినట్టు అయింది ఆవిడ పని.

అసలు కథ ఆదివారం జరిగింది.

పొద్దున పదకొండు దాటాక రోడ్డు పక్కన బళ్లు ఆపుకునే చోట ఆగారు. చెట్ల కింద సిమెంటు బల్లలు, ఒక పక్కన బాత్‌రూములు, వాటి పక్కన కుళాయి. ఆయన పొయ్యి మీద కోడిగుడ్లు ఉడికించాడు. తిన్నాక, ఆవిడ ఆవులింత సగంలో ఉండగానే "పడుకో" అన్నాడు. ఆవిడ మారు మాట్లాడకుండా వెనక్కి వెళ్లి తలుపు జరిపేసుకుంది. మారు మాట్లాడి ఏం లాభం! మర్నాడు సాయంత్రానికి బండి తిరిగి ఇచ్చేయాలి, ఫ్యాక్టరీలో చెప్పాల్సిన గడువూ అదే రోజు. మూడు రోజుల్లో ఆ మనిషి ఆవిడతో అన్నవి రెండే మాటలు, లేచావా, పడుకో. ఇంతకంటే ఏం తేలాలి?

కాసేపు దొర్లి, నిద్ర పట్టక లేచింది. బండిలో బాత్‌రూము ఇరుకని బయటి దానికి వెళ్దామనుకుంది. బయటికొస్తూ పడకగది తలుపు మళ్లీ జరిపేసింది, వెలుతురు పడకుండా తలుపేయడం చేతికి అలవాటు కదా. తన చెప్పులకి పట్టీలు పెట్టుకోవాలి, ఎందుకొచ్చిన తంటా అని మెట్టు దగ్గరున్న ఆయన స్లిప్పర్లు తొడుక్కుని వెళ్లింది. ఆయన బూట్లు వేసుకుని, అటు పక్కన కూర్చుని టైర్లలో గాలి చూస్తున్నాడు. ఒకరినొకరు చూసుకోలేదు.

మొహం కడుక్కుని బయటికొచ్చేసరికి ఇల్లుబండి లేదు.

మొదట వేరే వైపుకి వచ్చేశానేమో అనుకుంది. లేదు, అదే చెట్టు, అదే బల్ల, బల్ల మీద గుడ్డు పెంకులు కూడా అవే. మరుక్షణమే అంతా అర్థమైంది. ఆయన బండి చుట్టూ తిరిగి ఉంటాడు, టైర్లు తట్టి ఉంటాడు, గొళ్లేలన్నీ నొక్కి ఉంటాడు. మెట్టు దగ్గర ఆవిడ చెప్పులు చూసి, మనిషి లోపలే ఉందనుకుని ఉంటాడు. అన్నీ చూసే మనిషి ఒక్క పడకగది తలుపు మాత్రం తీయడు. రాత్రి డ్యూటీ చేసి పడుకున్న మనిషి తలుపు తీయకూడదన్నది ఆ ఇంట్లో రాయని చట్టం. అమ్మాయి ఏడేళ్లప్పుడు నేర్చుకున్న మొదటి నియమం అదే. భూకంపం వచ్చినా తలుపు తట్టి రమ్మనేవాళ్లు కాదేమో.

బాత్‌రూములు కడిగే ఆవిడ చీపురు పట్టుకుని అంతా చూస్తూనే ఉంది. "మీవాళ్లు వెళ్లిపోయినట్టున్నారే!" అంది.

"నేను లోపల నిద్రపోతున్నాననుకుంటున్నారు."

"చూసుకోరా?"

"నిద్ర చెడుతుందని చూడరు."

ఆవిడ చీపురు కింద పెట్టి, ఈస్టక్కని పైనుంచి కిందికి, ఆ పెద్ద స్లిప్పర్ల దాకా చూసింది. "అదృష్టవంతురాలివమ్మా. మా ఆయనైతే కావాలనే వదిలేసి పోయేవాడు" అంటూ ఫోను తీసి ఇచ్చింది.

ఈస్టక్క ఫోను బండిలో చార్జింగుకి పెట్టి ఉంది. ఆయన నంబరు నోటికి వచ్చు కాబట్టి చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేసింది. స్టీరింగు ముందు ఫోను ఎత్తని మనిషని డిపో మొత్తానికీ తెలుసు. అమ్మాయికి చేద్దామా అనుకుని ఊరుకుంది. మీ నాన్న నన్ను రోడ్డు మీద మరిచిపోయాడమ్మా అని ఏ మొహం పెట్టుకుని చెప్తుంది?

బల్ల మీద కూర్చుంది. కొంచెం దూరంలో ఇంకో ఇల్లుబండి ఆగి ఉంది. అందులోని మొగుడూ పెళ్లాం పళ్లాలు ఎవరు కడగాలని పోట్లాడుకుంటున్నారు. నిన్న నేనే కడిగాను, మొన్న నేను కడగలేదా, మీ అమ్మ దగ్గర ఇలాగే చేసేవాడివా, మా అమ్మ జోలికి రాకు. అరగంట సాగింది. చివరికి ఇద్దరూ కలిసే కడిగారు, కడుగుతూ మళ్లీ పోట్లాడుకున్నారు. ఈస్టక్క వాళ్లని చూస్తూ కూర్చుంది. ఈసారి చెప్పు సరిచేసుకునే నాటకం కూడా ఆడలేదు. ఆవిడకి అసూయ వేసింది. మా ఇద్దరికీ ఒక్క పోట్లాటకి సరిపడా టైము ఎప్పుడూ దొరకలేదు కదా అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు గంటలైంది. వెనక గదిలో మనిషి ఉందో లేదో తెలియకుండానే ఆయన బండి తోలుకుంటూ పోతున్నాడు. ఉన్నా లేకపోయినా ఆయనకి ఒకటే అన్నమాట. ఇదీ నాకు దొరికిన జవాబు అనుకుంది. సోమవారం సూపర్‌వైజరుకి వద్దని చెప్పేయడమే. కడిగే ఆవిడ టీ తెచ్చి పక్కన పెట్టింది, చల్లారిపోయేదాకా అది అలాగే ఉంది.

మూడో గంట కూడా కావస్తుండగా ఇల్లుబండి వచ్చింది. వచ్చిన తీరు చూసి పళ్లాలు కడిగినవాళ్లు కూడా లేచి నిలబడ్డారు. మలుపు దగ్గర తగ్గలేదు, గుంత చూసి తప్పుకోలేదు. సరిగ్గా ఈస్టక్క ఎదురుగా వచ్చాక కీచుమని బ్రేకు పడింది. లోపల అలమరా తెరుచుకుని గిన్నెలూ పళ్లాలూ దడదడా కింద పడ్డాయి. ముప్ఫై ఏళ్ల సర్వీసులో మెత్తబ్రేకు అలా బండి ఆపడం చూసినవాళ్లు లేరు.

ఆయన దిగాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ భుజాలు రెండూ పట్టుకుని, సాంతం ఉందా లేదా అన్నట్టు చూశాడు. కడిగే ఆవిడ చీపురు తీసుకుని అటు వెళ్లిపోయింది. కొన్ని సంగతులు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి కొందరికి.

"భయపడ్డావా?" అన్నాడు.

"ఎక్కడిదాకా వెళ్లారు?"

"చాలా దూరమే వెళ్లా. నూరు కిలోమీటర్లు దాటింది. తలుపు తీశాను. తీయకూడదు, తెలుసు. అయినా తీశాను."

"ఎందుకు తీశారు?"

"అడిగినదానికి నువ్వేం చెప్పలేదు."

"నిద్రపోయే మనిషి జవాబు ఎలా చెప్తుందండీ?"

ఆయన తల దించుకున్నాడు. "నిద్రపోతున్నావని అనుకోలేదు" అన్నాడు. తర్వాత ఒక్కో మాటా ఒక్కో మెట్టు దిగినట్టు చెప్పుకొచ్చాడు. మూడు రోజులుగా తోలుతున్నంతసేపూ వెనక తలుపుతో మాట్లాడుతూనే ఉన్నాడట. ఇంట్లో కూడా అంతేనట. పొద్దున పిల్ల బడికి వెళ్లాక, పదకొండున్నర దాకా, పడకగది తలుపు పక్కన కుర్చీ వేసుకుని చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ, బస్సులో ఎవరేమన్నారో, డిపోలో ఏం జరిగిందో అంతా చెప్పేవాడట. ఎదురుగా నువ్వుంటే నాకు మాట రాదు, ఏం చేయను అన్నాడు. ఈస్టక్క నోరు వెళ్లబెట్టి వింది. పద్దెనిమిదేళ్లు ఆ గొణుగుడు రేడియోదో, పక్క వాటా వాళ్లదో అనుకుంది!

"ఇంతకీ ఇవాళ ఏమడిగారు?"

ఆయన చెప్పలేకపోయాడు. ఆవిడకి జాలి వేసింది, కోపమూ వచ్చింది. ఇక ఆగలేక బండెక్కి, గిన్నెలు దాటుకుంటూ వెనక్కి వెళ్లి, మంచం మీద కూర్చుని తలుపు జరిపేసింది. "ఇప్పుడు అడగండి" అని లోపల్నుంచి కేకేసింది.

తర్వాత ముందు సీటు కిర్రుమంది. ఆయన గొంతు వచ్చింది, రోడ్డు వంక చూస్తూ చెప్తున్నట్టు.

"డ్యూటీకి వెళ్లేముందు రోజూ తలుపు కొంచెం తీసి చూసేవాణ్ణి. పదకొండున్నరకి. ఆ ఒక్కసారీ మన చట్టం నేనే తప్పేవాణ్ణి. నువ్వు నిద్రపోయేదానివి కాదు. రెప్పలు కదిలేవి. కళ్లు గట్టిగా మూసుకుని పడుకునేదానివి. నాకు తెలుస్తూనే ఉండేది. నేనంటే నీకంత విసుగా అని అడిగాను. ఒక్క నిమిషం నా మొహం చూడటం కూడా ఇష్టం లేదా అని. అదే ఇవాళ అడిగింది. నీకు అలాగే హాయిగా ఉందేమోనని షిఫ్టు కూడా మార్చుకోలేదు నేను."

ఆ సంగతి ఈ లోకంలో తనకొక్కదానికే తెలుసనుకుంది ఈస్టక్క.

రాత్రి డ్యూటీ మొదలైన కొత్తలో ఒకరోజు ఆయన తలుపు తీసేసరికి ఆవిడ కళ్లు తెరిచే ఉంది. "అయ్యో, లేపేశానా? పడుకో, పడుకో" అంటూ ఆయన టక్కున తలుపేసి వెళ్లిపోయాడు. మర్నాడు ఆవిడ కళ్లు మూసుకుని ఉంది. ఆయన వెళ్లలేదు, నిలబడ్డాడు. గడ్డం సబ్బు వాసన, ఇస్త్రీ చొక్కా వాసన గదిలోకి వచ్చాయి. జారిన దుప్పటి పాదాల మీదికి లాగి, ఇంకాసేపు నిలబడి వెళ్లాడు. ఆ మూడో రోజు నుంచి ఆవిడ పదకొండుంపావుకే మెలకువ తెచ్చుకుని, కళ్లు మూసుకుని ఎదురుచూసేది. అడుగుల చప్పుడు వింటే గుండె దడదడలాడేది, పెళ్లైన కొత్తలో లాగా. ఆ నిమిషం కోసం ఆవిడ రోజంతా బతికేది. పిండి తొట్టెల మధ్య రాత్రంతా నిలబడ్డ కాళ్ల నొప్పి ఆ నిమిషంలో పోయేది.

"కళ్లు తెరిస్తే వెళ్లిపోయేవారు కదండీ" అంది, తలుపుకి అవతలికి వినపడేలా. "మూసుకుంటేనే కాసేపు నిలబడేవారు. అందుకని."

తర్వాత గిన్నెల మధ్య అడుగులు. తలుపు పూర్తిగా, ఆ చివరి దాకా జరిగింది. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, కళ్ల నిండా నీళ్లు.

"నువ్వు తెరుస్తావేమోననే కదా నేను నిలబడేది" అన్నాడు.

ఇద్దరూ ఏడ్చారు. ఏడవరా మరి! పద్దెనిమిదేళ్ల పదకొండున్నరలు ఎవరు తెచ్చిస్తారు? నల్లటి జుట్టుతో గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషిని ఆవిడ ఒక్కరోజు కూడా చూడలేదు. ఇప్పుడు చూస్తుంటే చెవుల పక్కన అంతా నెరిసిపోయి ఉంది. ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నోటీసు సంగతి చెప్పింది. ఆయన మొత్తం విని, "నేను రేపే డిపోలో పొద్దుటి షిఫ్టు అడుగుతా. నువ్వు రేపటిదాకా ఆగడం ఎందుకు? ఇప్పుడే చెప్పు" అని, చార్జింగు తీగ లాగి ఫోను ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆదివారమైనా సూపర్‌వైజరు రెండో రింగుకే ఎత్తాడు. పగటి డ్యూటీ తనకి కావాలని ఆవిడ చెప్పింది.

"సరే ఈస్టక్కా, నీ పేరే రాస్తా. కానీ ఇన్నేళ్లూ రాత్రే కావాలన్నావ్, ఉన్నట్టుండి ఇదేంటి?"

"మా ఆయన దగ్గర ఉందామని సార్."

"అయ్యో, ఆయనకి ఒంట్లో బాగాలేదా ఏంటి?"

"బాగానే ఉన్నారు సార్" అంది, ఆయన వంక చూస్తూ. "బాగున్నప్పుడే ఉందామని."